ఎ.ఎఫ్.సి. వింబుల్డన్

ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ ఇంగ్లాండు దేశములో, లండన్ నగరపు నైరుతి భాగమున ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. వింబుల్డన్ అనగానే చాలామందికి టెన్నిస్ పోటీలే గుర్తుకు వస్తాయి. ఫుట్‌బాల్ లోకములో మాత్రము ఈ పేరు మరొక కారణముగా ప్రసిద్ధము. తాము ఎన్నో ఏళ్లుగా ఆదరించిన క్లబ్బును యజమానులు వేరొక పట్టణానికి తరలించుటకు అనుమతి పొందగా, అభిమానులు 2002లో తమదే అయిన ఈ క్లబ్బును స్థాపించుకున్నారు. దీనిలో అత్యధిక వాటా అభిమానుల సంఘమైన 'డాన్స్ ట్రస్టు'ది. (వింబుల్డన్ పేరులోని చివరి భాగము నుండి వచ్చిన ముద్దుపేరు ఇది, నాట్యముతో సంబంధము లేదు.)

పాత క్లబ్బు

వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు 1889లో ప్రారంభమైనది. 1912 నుండి ప్లౌ లేన్ అనే చిన్న మైదానములో ఆడుతూ వచ్చినది. 1977లో ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించి, తొమ్మిదేళ్లలోనే అత్యున్నత శ్రేణికి చేరుకున్నది. 1988 ఎఫ్.ఎ. కప్పు ఫైనలులో, అప్పటి మేటి జట్టయిన లివర్‌పూల్‌ను 1-0 తేడాతో ఓడించినది. ఆ ఒక్క గోలు లారీ సాంచెజ్ చేయగా, జాన్ ఆల్డ్రిడ్జ్ కొట్టిన పెనాల్టీని గోల్ కీపర్ డేవ్ బెసాంట్ ఆపివేశాడు.

మైదానము చేజారుట

క్లబ్బు కష్టాలకు మూలము ఆటలో కాక స్థలములో ఉన్నది. 1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటన తరువాత వెలువడిన టేలర్ నివేదిక, పై శ్రేణి మైదానాలలో ప్రేక్షకులందరికీ కుర్చీలు ఉండాలని సూచించినది. ఇరుకైన ప్లౌ లేన్‌ను ఆ విధముగా మార్చుట సాధ్యము కాదని భావించి, 1991లో క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్ జట్టుకు చెందిన సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకు చేరినది. తాత్కాలికమనుకున్న ఆ ఏర్పాటు పుష్కర కాలము సాగినది. యజమాని సామ్ హమ్మామ్ 1997లో క్లబ్బును నార్వే వ్యాపారులకు విక్రయించాడు. పాత మైదానము 1998లో సేఫ్‌వే అనే సూపర్‌మార్కెట్ సంస్థకు అమ్ముడుపోయినది. చివరకు అక్కడ నివాస గృహములు వెలిశాయి. వాటికి పాత ఆటగాడు ఎడ్డీ రేనాల్డ్స్ పేరు మీద రేనాల్డ్స్ గేట్ అని పేరు పెట్టారు.

సొంత స్థలము లేని క్లబ్బు కిరాయి ఇంట్లో ఉన్న కుటుంబము వంటిది. ఎక్కడికి పొమ్మన్నా పోవలసిందే. డబ్లిన్ నగరానికి తరలించాలన్న ఆలోచన కూడా 1990లలో సాగినది.

మిల్టన్ కీన్స్ వివాదము

2000లో జట్టు ప్రీమియర్ లీగు నుండి కిందికి జారినది. నష్టాలు పెరిగాయి. 2001 ఆగస్టులో ఛైర్మన్ చార్లెస్ కోపెల్, క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరములోని మిల్టన్ కీన్స్ పట్టణానికి మార్చదలచినట్లు ప్రకటించాడు. ఇంగ్లాండులో క్లబ్బులు చాలావరకు ప్రైవేటు కంపెనీలు. తరతరాలుగా టికెట్టు కొని వచ్చే అభిమానికి, షేర్లు లేకపోతే, కంపెనీ నిర్ణయాలలో ఓటు లేదు. అభిమానులు ఊరేగింపులు, బహిష్కరణలు చేపట్టారు. లీగు అధికారులు మొదట అనుమతి నిరాకరించారు. విషయము ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వెళ్లగా, 2002 మే 28న ఇద్దరు అనుకూలముగా, ఒకరు ప్రతికూలముగా తీర్పు చెప్పారు. అభిమానులు వింబుల్డన్‌లో కొత్త క్లబ్బును పెట్టుకొనుట ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మేలు కాదన్న మాట కూడా కమిషన్ నివేదికలో ఉన్నది. అభిమానులను అన్నిటికన్నా గాయపరచినది బహుశా ఆ మాటే.

కొత్త ఆరంభము

ఆ తీర్పు వచ్చిన నెల రోజులకే, జూన్ 29న, వింబుల్డన్ కామన్ అనే బహిరంగ ప్రదేశములో ఆటగాళ్ల ఎంపిక జరిగినది. సుమారు 230 మంది పాల్గొన్నారు. జూలైలో సట్టన్ యునైటెడ్‌తో జరిగిన తొలి స్నేహపూర్వక పోటీలో జట్టు 4-0 తేడాతో ఓడినది. అయినను నాలుగున్నర వేలకు పైగా జనము వచ్చారు. లీగు వ్యవస్థలో ఎంతో దిగువన ఉన్న కంబైన్డ్ కౌంటీస్ లీగులో, కింగ్స్‌మెడో మైదానములో ఆట ప్రారంభమైనది. మొదటి సీజనులోనే ఈ జట్టు పోటీలకు వచ్చిన సగటు జనము, రెండవ శ్రేణిలో ఆడుతున్న పాత క్లబ్బుకు వచ్చిన వారి కన్నా ఎక్కువ.

పాత క్లబ్బు 2003 జూన్‌లో అప్పులు తీర్చలేక చట్టబద్ధ పరిపాలకుల చేతికి వెళ్లి, ఆ ఏడే మిల్టన్ కీన్స్ చేరినది. 2004లో మిల్టన్ కీన్స్ డాన్స్‌గా పేరు మార్చుకున్నది. 1988 నాటి కప్పు జ్ఞాపికలను, గత చరిత్రపై హక్కును వదులుకొనుటకు అంగీకరించి, 2007లో వాటిని వింబుల్డన్ ఉన్న మర్టన్ బరోకు అప్పగించినది.

ఇటు 2003-2004 మధ్య కాలములో ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ వరుసగా 78 లీగు పోటీలలో ఓటమి ఎరుగలేదు. 2011లో లూటన్ టౌన్‌పై పెనాల్టీలలో గెలిచి ఫుట్‌బాల్ లీగులో చేరినది. తొమ్మిది సీజన్లలో ఇది ఐదవ పదోన్నతి. 2012 డిసెంబరులో రెండు జట్లు మొదటిసారి ఎదురుపడినపుడు మిల్టన్ కీన్స్ 2-1తో నెగ్గినది.

ప్లౌ లేన్‌కు తిరుగు ప్రయాణము

పాత మైదానానికి అతి చేరువలో, పూర్వము కుక్కల పందెములు జరిగిన చోట, కొత్త స్టేడియము కట్టుటకు క్లబ్బు పూనుకున్నది. ఇందుకోసము కింగ్స్‌మెడోను చెల్సీకి విక్రయించినది. అయినా 2019 చివరకు నిధులు చాలలేదు. బయటి పెట్టుబడిదారులకు పెద్ద వాటా ఇస్తే పని వేగముగా పూర్తి అవుతుంది. కాని ఏ భయముతో క్లబ్బు పుట్టినదో ఆ భయమే తిరిగి ఎదుటికి వస్తుంది. సభ్యులలో తీవ్రమైన చర్చ జరిగినది. చివరకు అభిమానులే 'ప్లౌ లేన్ బాండ్లు' కొని, 50 లక్షల పౌండ్లకు పైగా క్లబ్బుకు అప్పు ఇచ్చారు. తనకు ఎంత వడ్డీ కావాలో కొనువారే నిర్ణయించుకొనవచ్చును, అసలు వద్దనవచ్చును కూడా.

2020 నవంబరు 3న కొత్త ప్లౌ లేన్‌లో డాన్‌కాస్టర్ రోవర్స్‌తో మొదటి పోటీ 2-2తో ముగిసినది. కోవిడ్ నిబంధనల వలన, ఆ స్టేడియమును కట్టించుకున్న అభిమానులకే లోపలికి ప్రవేశము లేకపోయినది.

అభిమానుల యాజమాన్యములో ధనబలము తక్కువ. జట్టు 2022లో నాలుగవ శ్రేణికి దిగి, 2025 మే నెలలో వెంబ్లీలో వాల్సాల్‌ను 1-0తో ఓడించి తిరిగి మూడవ శ్రేణికి ఎక్కినది.

చట్టము

2019లో బరీ క్లబ్బు ఆర్థిక కారణాలతో లీగు నుండి బహిష్కరణకు గురైన తరువాత, అభిమానుల ఆందోళన ప్రభుత్వము దాకా చేరినది. 2025 జూలైలో ఆమోదము పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టము ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచినది. దీని ప్రకారము క్లబ్బు తన మైదానమును అమ్ముటకు గాని, వేరొక చోటికి తరలుటకు గాని ఆ సంస్థ అనుమతి పొందవలెను.