షుగర్ ఉన్న గర్భిణులకు ప్రీఎక్లాంప్సియా ముప్పు.. ముందుగా గుర్తించడం ఎలా?

గర్భిణికి 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువకు చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ప్రొటీన్ లేకపోయినా, పెరిగిన బీపీతో పాటు కాలేయం, కిడ్నీలు, ప్లేట్‌లెట్లు దెబ్బతింటే అదీ ఈ జబ్బే. ముదిరితే ఫిట్స్ వస్తాయి. దీన్నే మన పెద్దలు గుర్రపువాతం అంటారు. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయమే.

షుగర్‌తో సంబంధం ఏమిటి?

గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్నవారికి ఈ ముప్పు మిగతావారి కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. తొలి కాన్పు, అధిక బరువు, 35 ఏళ్లు దాటిన వయసు, కవలలు, పాత బీపీ, కిడ్నీ జబ్బు, గత కాన్పులో బీపీ పెరగడం, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇదే జబ్బు వచ్చి ఉండడం.. ఇవి తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఏ పరీక్షలు?

11 నుంచి 14 వారాల మధ్య తల్లి ఆరోగ్య చరిత్ర, రెండు చేతుల బీపీ, గర్భాశయ రక్తనాళాల డాప్లర్ స్కాన్, పీఎల్‌జీఎఫ్ అనే రక్తపరీక్ష కలిపి ముప్పును అంచనా వేస్తారు. చివరి రెండూ అన్ని ఊళ్లలో దొరకవు. అయినా దిగులు అక్కర్లేదు. పాత షుగర్ ఉంటే చాలు, ముప్పు ఎక్కువ అనే డాక్టర్లు లెక్కిస్తారు.

షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నా మూత్రంలో ప్రొటీన్ పోతుంది. అందుకే మూడో నెలలోపే మూత్రం, క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించి కాగితాలు దాచుకోవాలి. ఏడో నెలలో ప్రొటీన్ కనిపిస్తే అది పాతదో కొత్తదో తేల్చేది ఆ కాగితాలే.

ఆస్పిరిన్ ఎందుకు?

2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో, ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. దీన్ని 16 వారాల లోపే మొదలుపెడితే మేలు. డాక్టర్ రాయకుండా సొంతంగా వేసుకోవద్దు. గర్భంతో వచ్చే షుగర్ చాలామందిలో 24-28 వారాల్లో బయటపడుతుంది. అప్పటికి ఆ గడువు దాటిపోతుంది కాబట్టి, మొదటి చెకప్‌లోనే షుగర్ పరీక్ష అడిగి చేయించుకోవాలి.

శ్రీరాంపూర్‌లో ఏం చేయాలి?

మంచిర్యాల జిల్లాలోని ఈ సింగరేణి ప్రాంతంలో గర్భం తెలిసిన వెంటనే ఆశా కార్యకర్త దగ్గర పేరు నమోదు చేయించాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే చూసుకుంటూ తేదీతో సహా రాసిపెట్టాలి. రంజాన్ వస్తే ఉపవాసం విషయం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. షుగర్ ఉన్న గర్భిణికి రోజా ప్రమాదకరం కావచ్చు. అనారోగ్యం వల్ల వదిలిన రోజాలను తర్వాత ఖజాగా పాటించే వెసులుబాటు ఉంది.

ఆగకూడని లక్షణాలు

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా వాయడం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది కనిపించినా, బీపీ 160/110 తాకినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. "కడుపుతో ఉంటే కాళ్లు వాయడం మామూలే" అని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెప్పినా సరే, ఒకసారి బీపీ చూపించాలి. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కూడా ఈ జబ్బు రావచ్చు. బాలింతకూ బీపీ చూడటం మానవద్దు.