మితిమీరిన మూర్ఛమందు, కొబ్బరి చిప్ప బొగ్గు

కోనసీమలో కొబ్బరి చిప్పను పారవేయు ఇల్లు అరుదు. పొయ్యిలోనికి పోగా మిగిలినది బొగ్గు బట్టీకి పోవును. ఆ బొగ్గునే మిక్కిలి వేడిమిలో ఆవిరి సోకించి, కంటికానని రంధ్రములు కలదానినిగా చేసినచో ఉత్తేజిత బొగ్గు అగును. మోతాదు మించిన మూర్ఛమందును కడుపులోనే పట్టి ఉంచుటకు ఆసుపత్రులలో త్రాగించు నల్లని పొడి ఇట్టిదే. కట్టెబొగ్గుతోను దీనిని చేయుదురు.

మూర్ఛకు ఫినోబార్బిటోన్ పనికివచ్చునని 1912లో జర్మనీ వైద్యుడు హౌప్ట్‌మన్ ప్రకటించెను. ఫెనిటాయిన్ గుణమును 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్‌లు వెల్లడించిరి. మోతాదు మించినప్పుడు మొదటిది గాఢనిద్ర కలిగించి శ్వాసను మందగింపజేయును. రెండవది నడకను తూలించి కనుగ్రుడ్లను అదరించును. కావలెనని మ్రింగినప్పుడే మోతాదు మించుననుకొనరాదు. ఫెనిటాయిన్ ద్రవమును సీసా కుదపక పోసినచో మందు అడుగున చేరును. తొలి చెంచాలు చాలవు, కడపటి చెంచాలు ఎక్కువగును.

వెనుకటి వైద్యులకు ఆ నిద్రయే శత్రువుగా తోచెను. పిక్రోటాక్సిన్ వంటి ప్రేరకములతో రోగిని లేపజూచిరి. ఆ మందులే మరల ఫిట్లు తెప్పించెడివి. ఆపవలసిన మూర్ఛను తామే పిలిచినట్లు! 1940ల చివర కోపెన్‌హేగెన్‌లో క్లెమ్మెసెన్ ఆ పద్ధతిని విడనాడెను. ఊపిరి ఆడునట్లు చూచుట, నరమున ద్రవమెక్కించుట, రోగిని తరచు ఒత్తిగిలించుట, మందు దానంతటది విరుగువరకు కాచుకొనుట. అంతే. మరణములు నూటికి ఇరువది ప్రాంతమునుండి ఒకటి రెండింటికి దిగెను. ఇందు సగము కీర్తి రేయింబవళ్లు కనిపెట్టుకొని ఉన్న నర్సులదని మా అభిప్రాయము.

బొగ్గు కథ ఇంకను పాతది. 1831లో ఫ్రెంచి ఔషధకారుడు టువెరీ పండితసభ ఎదుట విషమును బొగ్గుతో కలిపి మ్రింగి బ్రతికెనని చెప్పుదురు. కొన్ని గంటలకొకసారి త్రాగించినచో ఇది రక్తములో చేరిన ఫినోబార్బిటోన్‌ను సయితము ప్రేగులలోనికి లాగును. అప్పటికిని లొంగనిచో డయాలిసిస్ కలదు. కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లో దానిని మనుష్యునిపై ప్రయోగించెను. వాల్‌ప్రోయేట్ మించినప్పుడు కార్నిటిన్ నిత్తురు. ఫెనిటాయిన్‌కు మాత్రము విరుగుడు నేటికిని లేదు.

ఇంటి బట్టీ బొగ్గు ఇందుకు పనికిరాదు. మగతలో ఉన్నవారికి ఇంటివద్ద ఏదియు త్రాగించరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఎదుర్లంక, యానాముల నడుమ వంతెన లేనినాడు కాకినాడ ఆసుపత్రికి పోవలెనన్న రేవున పంటుకొరకు నిలువవలసివచ్చెడిది. ఇప్పుడు అమలాపురమునందే వైద్యకళాశాల కలదు. రాజోలునుండి గాని కొత్తపేటనుండి గాని రోగిని తరలించువారు మాత్రల అట్టను, సీసాను వెంట తీసికొనిపోయినచో, బొగ్గా, డయాలిసిసా, కాచుకొనుటయా అన్నది వైద్యులు వెంటనే తేల్చుకొనగలరు.