మావి మాత్రల మూల్యము

ప్రసవానంతరము బిడ్డ వెనువెంట వెలువడు మావిని ఎండబెట్టి, పొడి చేసి, క్యాప్సూళ్ళలో నింపి, ఆ తల్లిచేతనే మ్రింగించు పద్ధతి యొకటి ఇటీవలి కాలమున పాశ్చాత్య దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, వ్యాపించినది. విదేశములందున్న కుమార్తెల కాన్పులకు పోవు తల్లులు మన కుటుంబములలోను పలువురు కలరు గాన, ఈ మాట మన ఇండ్లకును చేరుచున్నది. ఇది ప్రాచీనమైన ఆచారమని చెప్పి దానికి వెల కట్టుచున్నారు. ఆ వెల ఎంత అని అడుగుటకు ముందు, ఆ చరిత్ర ఎంతవఱకు నిజమని అడుగవలెను. ఏలన, చరిత్ర పేర అమ్మబడు వస్తువునకు చరిత్రయే మొదటి పరీక్ష.

మావిని కొన్ని తావుల మాయ యందురు. మన ప్రాచీన వైద్యగ్రంథములు దానిని అపర యని పేర్కొన్నవి. గర్భమందలి శిశువునకు తల్లి రక్తమునుండి ఆహారమును, ప్రాణవాయువును అందించునది ఇదియే. బిడ్డ పుట్టిన పిమ్మట దాని పని ముగియును. సుమారు అర కిలో తూగు ఈ అవయవము పూర్తిగా బయటికి రానిచో రక్తస్రావము ఆగక తల్లి ప్రాణమునకే ముప్పు కలుగును. చరక సంహితలోని శారీరస్థానము, ఎనిమిదవ అధ్యాయమున, అపర పడినదా లేదా యని చూడవలెననియు, పడనిచో చేయవలసిన ఉపాయము లివి యనియు విపులముగా చెప్పబడినది. అది బయటికి వచ్చుటను గూర్చియే ఆ గ్రంథమునకు ఆందోళన. దానిని తల్లి భుజింపవలెనన్న విధి అచ్చట కానరాదు.

మన పల్లెలలో మంత్రసాని చేసినదియు ఇదే. మావి పడువఱకు ఆమె బాలింతను విడిచి కదలెడిది కాదు. పిమ్మట దానిని కుక్కలు త్రవ్వలేనంత లోతున పెరటిలో పాతిపెట్టెడివారు. తెలుగు కుటుంబములు వలసపోయిన చోట్లను ఆచారము మారలేదు. హోసూరు, మదుర ప్రాంతములలో తమిళుల నడుమను, కోలారు సీమలో కన్నడిగుల నడుమను, బరంపురమున ఒడియావారి నడుమను నివసించినవారు ఇరుగుపొరుగున ఉన్నవారును మావిని మట్టికే అప్పగించుట చూచిరి. భాషలు వేఱైనను ఈ విషయమున పెరడు ఒక్కటియే.

పశువుల విషయమున మన రైతులు మఱింత జాగ్రత్త వహింతురు. ఆవుగాని గేదెగాని ఈనినప్పుడు మావి పడువఱకు కాచుకొని, పశువు దానిని తినకుండ తీసి పాతిపెట్టుదురు. గడ్డిలో చుట్టి మఱ్ఱి వంటి పాలుగల చెట్టునకు వ్రేలాడగట్టు ఆచారమును తెలుగు, తమిళ ప్రాంతములలో కలదు. క్షీరదములలో అధిక భాగము తమ మావిని తినును గనుక మనుష్యుడును తినవలెనని నేడు కొందఱు వాదించుచున్నారు. ఒంటెయు, సముద్రమున నివసించు తిమింగలాది క్షీరదములును తినవన్న సంగతిని వారు విస్మరించుచున్నారు. మన రైతు జంతువు చేయు పనిని ఎఱిగియుండియు దానిని మాన్పించినవాడు.

ఇతర జాతుల చరిత్రను పరికించినను మట్టియే ప్రధానముగా కనబడును. న్యూజీలాండు మావోరీల భాషలో వెనువా అను పదమునకు భూమి యనియు, మావి యనియు రెండర్థములును కలవు. జావా ద్వీపమున మావిని ఇంటియొద్ద పాతి, ఆ చోట దీపము వెలిగింతురు. కొరియా దేశమున రాజకుటుంబపు శిశువుల మావులను కడిగి, జాడీలలో భద్రపఱచి, ప్రత్యేకముగా ఎంచిన కొండలపై శిలానిర్మితములైన గదులలో నిక్షేపించెడివారు. సెజాంగ్ రాజు కుమారులకై 1438 మొదలు 1442 వఱకు నిర్మించిన అట్టి గదులు సియాంగ్జు ప్రాంతమున నేటికిని కలవు.

నెవాడా విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన యొక పరిశీలన ఈ సందర్భమున మిక్కిలి విలువైనది. వారు 179 సమాజముల ఆచారములను గూర్చిన వ్రాతలను శోధించిరి. ప్రసవించిన తల్లి తన మావిని తానే తినుట యొక సంప్రదాయముగా నిలిచిన సమాజము వారికి ఒక్కటియు గోచరింపలేదు.

మఱి చైనా మాట యేమని ప్రశ్నింపవచ్చును. ఆ దేశపు వైద్యమున ఎండబెట్టిన మావి ఔషధముగా వాడబడిన మాట నిజము. 1596లో ముద్రితమైన లీ షిజెన్ మహాగ్రంథమునందు దాని ప్రస్తావన కలదు. అయితే అది క్షయించిన శరీరమునకు, సంతానలేమికి, ఇతర మూలికలతో కలిపి వైద్యుడు ఇచ్చు మందు. ప్రతి బాలింతయు తన మావిని తాను సేవింపవలెనన్న నియమము కాదు. ఆ దేశపు ఆరోగ్యశాఖ 2005లో మావి తల్లికే చెందునని తెలిపి, దాని క్రయవిక్రయములను నిషేధించినది. అధికారిక ఔషధకోశపు 2015 నాటి కూర్పునుండి ఆ ద్రవ్యము తొలగింపబడినది.

ఇరువదవ శతాబ్దిలో మావి మఱియొక మార్గమున వైద్యమున ప్రవేశించినది. ఒడెస్సా నగరపు నేత్రవైద్యుడు ఫిలాటోవ్ (1875–1956) శరీరధాతువుల సారముతో చికిత్స చేయు విధానమును ప్రచారము చేసెను. మావి నుండి తీసిన సారము మన దేశమునను మందుగా అమ్ముడుపోయినది. 2011లో భారత ప్రభుత్వము దాని వాడుకను కొలది ప్రయోజనములకు మాత్రమే పరిమితము చేసినది. ఇది కార్ఖానాలో శుద్ధి చేయబడి, ప్రభుత్వపు తనిఖీకి లోబడిన వస్తువు. ఇంటిలో పొడి చేసిన మాత్రతో దీనిని పోల్చరాదు.

అమెరికాలో తల్లి తన మావిని తినుట 1970 దశకమున ఇంటివద్ద కాన్పులు కోరిన కొందఱితో ఆరంభమైనది. క్యాప్సూళ్ళలో నింపి యిచ్చు వృత్తి ప్రబలినది ఈ శతాబ్దిలోనే. మావిని ఆవిరిపై ఉడికించియో, పచ్చిగానో పలుచని ముక్కలు కోసి, యంత్రమున ఎండబెట్టి, పొడి చేసి నింపుదురు. ఒక మావినుండి నూఱు మొదలు రెండు వందల వఱకు మాత్రలు వచ్చును. ఇందులకు 200 నుండి 400 డాలర్ల వఱకు తీసికొనుట అచ్చట సాధారణము. అనగా మన పురాతన మను పేరుగల ఈ వస్తువునకు వయస్సు కొలది దశాబ్దములే.

ఇక జమాఖర్చు వ్రాసి చూతము. ఖర్చు పైన చెప్పితిమి. జమ యేమి? రక్తహీనత తగ్గుననియు, పాలు పెరుగుననియు, మనస్సు కుదుటపడుననియు చెప్పుచున్నారు. నెవాడా పరిశోధకులే ఈ మాత్రలలోని ఇనుమును కొలిచిరి. రోజునకు గరిష్ఠముగా సూచింపబడు 3.3 గ్రాముల పొడిలో సుమారు 2.2 మిల్లీగ్రాముల ఇనుము మాత్రమే తేలినది. మన దేశమున 2018లో ఆరంభమైన రక్తహీనతా నివారణ పథకము క్రింద గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఉచితముగా ఇచ్చు మాత్ర ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము కలదు. ఈ రెంటికిని గల భేదము సుమారు ఇరువదియేడు రెట్లు. అదే పరిశోధకులు 27 మంది తల్లులలో కొందఱికి మావి పొడిని, కొందఱికి వేఱొక మాంసపు పొడిని తెలియనీయక ఇచ్చి చూడగా, మనఃస్థితియందు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. జమ వైపున వ్రాయుటకు అంకె దొరకుట లేదు.

ఖర్చు వైపున మాత్రము ఇంకొక పద్దు కలదు. 2016లో ఆరిగాన్ రాష్ట్రమున జన్మించిన యొక శిశువునకు రక్తమున క్రిములు చేరి జబ్బు చేసినది. చికిత్స పొంది కోలుకొనిన కొలది దినములకే అదే జబ్బు తిరుగబెట్టెను. తల్లి దినమునకు మూడు మారులు మావి మాత్రలు మ్రింగుచున్నట్లు తెలిసి, వానిని పరీక్షింపగా అదే జాతి క్రిమి వానిలో కనబడినది. ఇంటిలోని వేఱొకరినుండి సోకియుండు అవకాశమును తోసిపుచ్చలేకున్నను, అట్టి మాత్రలను వర్జింపవలెనని అచ్చటి ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రము 2017 జూన్‌లో వెలువరించిన నివేదికలో సూచింపబడినది. ఆ క్రిములు చచ్చునంత వేడిని అంతసేపు ఇచ్చిరని నిర్ధారించు నియమము ఈ వృత్తికి లేకుండెను.

అట్లయిన బాలింతపై మన పెద్దలు ఏమి వ్యయము చేసిరి? చరకుడు సూతికకు ఆకలి కలిగిన పిమ్మట పిప్పలి, పిప్పలిమూలము, చవ్యము, చిత్రకము, శొంఠి పొడులతో కూడిన నెయ్యినో నూనెనో శక్తికొలది త్రాగించుమనెను. పిప్పలిమూలమునే మన స్త్రీలు మోడి యందురు. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము దంచి, బెల్లపు పాకమున నేతితో కలిపి చేయు బాలింత కాయము ఆ పరంపరలోనిదే. దీనికి సరియైనది తమిళుల ఇంట ప్రసవ లేహ్యముగాను, మరాఠీల ఇంట జిగురు లడ్డుగాను కనబడును. కన్నడిగుల బాణంతనమును, ఒడియావారి ఇరువదియొకటవ నాటి వేడుకయు మన పురుడు, బారసాలల వంటివే. ఈ యాచారములలో అన్నియు మేలైనవని చెప్పజాలము. బాలింతకు నీరు తక్కువ యిచ్చుట, చీకటి గదిలో మూసియుంచుట వంటివి విడువదగినవి.

కాని వానియందు ఒక సారము కలదు. కాయమునకు పట్టు వెల స్వల్పము. దాని వెనుకనున్న వ్యయమే గొప్పది. దంచుటకు ఒక చేయి, కలుపుటకు ఒక చేయి, రాత్రి బిడ్డ ఏడ్చినచో ఎత్తికొనుటకు ఇంకొక చేయి కావలెను. పుట్టినింటివారు తమ కాలమును నెలల తరబడి బాలింతకు ధారపోసిరి. నేడు దూరదేశమున ఒంటరిగా కాన్పు పొందు యువతి డాలర్లిచ్చి కొనుచున్నది ఆ లేని చేతులకు బదులైన వస్తువును. కొనుగోలును పరిహసించుట తగదు. ఆ లోటును గుర్తించుట తగును.

మన దేశమున 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి 88 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. మావి పెరటికి రాక, ఆసుపత్రి వ్యర్థముల నియమములననుసరించి పసుపుపచ్చని సంచిలో పోవుచున్నది. అందులకు విచారింప పనిలేదు. అదే సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. విచారింపవలసినది దానికి.

కావున మన కుటుంబములలో కాన్పు జరిగినప్పుడు పెద్దలు ఇనుపమాత్రలు ఆఱు మాసములు తప్పక మ్రింగించవలెను. దిగులు రెండు వారములు గడచినను తీఱనిచో సిగ్గుపడక వైద్యునికి చూపవలెను. కూతురు దూరమున ఉన్నచో కాయపు డబ్బాతో పాటు ఒక మనిషిని పంపుటకు యత్నింపవలెను. మావిని మన పూర్వులు మట్టికి అప్పగించి, మిగిలిన శ్రద్ధనంతయు తల్లిపై నిలిపిరి. ఆ క్రమము తప్పకుండుట మన చేతిలోనే కలదు.