ఎవరు ముందు పోయారన్నది సాక్ష్యం కాదు

ఈసారి కొంచెం కష్టమైన విషయం. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో ఒక మాట మనలో చాలామంది వినే ఉంటారు. మొగుడు జబ్బుచేసి పోతాడు. తర్వాత పరీక్ష చేస్తే పెళ్లానికీ హెచ్‌ఐవి ఉందని తేలుతుంది. కానీ ఆమె కూలికి పోతూ, పిల్లల్ని సాకుతూ బాగానే ఉంటుంది. అంతే, “ఈమె నుంచే వచ్చింటుంది, మొగుణ్ణి మింగేసింది” అంటారు. ఆ ఒక్క మాటతో ఇల్లూ పొలమూ పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది.

మరి ఒకే జబ్బు ఒకరిని త్వరగా, ఇంకొకరిని నిదానంగా ఎందుకు పడగొడుతుంది?

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలొమన్ దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో అది తేలింది. అప్పటికి మన మూడు తాలూకాలూ కోలారు జిల్లాలోనే ఉన్నాయి. చిక్కబళ్లాపురం జిల్లా అయింది 2007లో కదా.

మన చెరువును తలుచుకోండి. ఒంట్లోని సిడి4 కణాలు చెరువులో నీళ్లు. రక్తంలోని వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, కట్టకు పడిన గండి. గండి ఎంత పెద్దదైతే చెరువు అంత త్వరగా ఎండుతుంది. వైరల్ లోడ్‌ను బట్టి జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో చెప్పవచ్చని 1996లో అమెరికాలో జాన్ మెల్లర్స్ బృందం చూపింది.

గండి అందరికీ ఒకే తీరున ఉండదు. హెచ్‌ఎల్‌ఏ-బి57 అనే జన్యువు పుట్టుకతో ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు నిదానంగా నడుస్తుంది. టిబి తోడైతే, తిండి చాలకపోతే త్వరగా ముదురుతుంది. తల్లి నుంచి సోకిన పసిబిడ్డలకు మందు అందకపోతే సుమారు సగం మంది రెండేళ్లు నిండకుండానే పోతారు.

వయసు కూడా పెద్ద కారణమే. మంచి మందులు రాని కాలపు లెక్కలను యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి తీసి 2000లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. 15–24 ఏళ్ల వయసులో సోకినవాళ్లలో సగం మంది 12.5 ఏళ్లకు పైగా బతికారు. 45–54 ఏళ్ల మధ్య సోకినవాళ్లకు అదే లెక్క 7.9 ఏళ్లు.

ఇప్పుడు ఆ ఇంటికి తిరిగి వద్దాం. మన పెళ్లిళ్లలో మొగుడు సాధారణంగా వయసులో పెద్ద. అతనికి ముందే సోకి, పెళ్లైన తర్వాత ఆమెకు సోకి ఉంటే, అతని చెరువు ఎన్నో ఏళ్ల ముందు నుంచే కారుతోందన్నమాట. అతను ముందు పోవడంలో వింతేముంది? ఒకవేళ ఇద్దరికీ ఒకేసారి సోకినా వయసు, టిబి, పుట్టుక కలిసి తేడా తెస్తాయి. కాబట్టి ఎవరు ముందు పోయారన్నది ఎవరు తెచ్చారన్నదానికి సాక్ష్యం కానేకాదు. ఆమె మీదా వేయొద్దు, పోయినవాడి మీదా వేయొద్దు.

2004 ఏప్రిల్ 1న కర్ణాటకతో సహా ఆరు రాష్ట్రాల్లో ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టి మాత్రలు మొదలుపెట్టింది. అప్పట్లో సిడి4 200 కంటే తగ్గితేనో, జబ్బు బాగా ముదిరితేనో మాత్రలిచ్చేవారు. అంటే చెరువు అడుగంటాక గండి పూడ్చడం. మొదట్లోనే మాత్రలు వేసుకుంటే పెద్ద జబ్బులు, చావులు సగానికి పైగా తగ్గుతాయని 2015లో ‘స్టార్ట్’ పరీక్ష రుజువు చేసింది. 2017 నుంచి మన దేశంలో సిడి4 ఎంతున్నా హెచ్‌ఐవి తేలిన ప్రతి ఒక్కరికీ మాత్రలు ఇస్తున్నారు. రోజూ తప్పకుండా వేసుకుని, వైరస్ రక్తంలో కనబడనంతగా తగ్గిపోతే, కాపురంలో రెండోవాళ్లకు సోకదు.

నేడు జబ్బుకు వేగం పెంచేవి ముఖ్యంగా రెండు: పరీక్ష ఆలస్యం చేయడం, మాత్రలు మధ్యలో ఆపేయడం. ఈ రెండిటికీ మూలం ఊరి మాటకు భయపడటమే. వివక్షను నిషేధించి, రోగి వివరాలు గోప్యంగా ఉంచమనే చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. 1097కు ఫోన్ చేస్తే సలహా ఉచితం.

ఆ చట్టం కంటే ముందు మన నోరు మారాలి. ఈసారి ఎవరైనా “మొగుణ్ణి మింగింది” అంటే, ఊరకుండకండి. చెరువు సంగతి చెప్పండి.