కోల్డ్ ఫ్యూజన్: 15 వాట్లు పెడితే వచ్చింది ఎంత? అనంతపురం బోరు మోటారు లెక్కలో చూస్తే..

అనంతపురం కరువు నేలలో పంట చేతికి రావాలంటే బోరు ఆడాలి. బోరు ఆడాలంటే కరెంటు ఉండాలి. అందుకే ‘నీళ్లతో కరెంటు’, ‘పెట్టినదానికి పదింతలు ఎనర్జీ’ అంటూ ఫోన్‌లో వచ్చే వీడియోలు రైతుల్ని ఇట్టే ఆకట్టుకుంటాయి. ఇలాంటి ఆశల్లో బాగా పేరున్నది కోల్డ్ ఫ్యూజన్. మరి ఇందులో నిజమెంత?

అసలు కోల్డ్ ఫ్యూజన్ అంటే ఏంటి?

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతూ శక్తినిస్తాయి. అదే ఫ్యూజన్. భూమ్మీద దీన్ని కరెంటు కోసం చేయాలంటే కోట్ల డిగ్రీల వేడి కావాలి. అంత వేడి లేకుండా, మామూలు గది ఉష్ణోగ్రతలోనే సాధ్యమన్నది కోల్డ్ ఫ్యూజన్ వాదన.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా యూనివర్సిటీలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ ఈ ప్రకటన చేశారు. భారజలంలో పల్లాడియం లోహాన్ని ఉంచి కరెంటు పంపితే లెక్కకు మించిన వేడి వచ్చిందన్నారు. మన మణుగూరు ప్లాంటులో తయారయ్యేది ఈ భారజలమే.

బార్క్‌లోనూ ప్రయోగాలు

అదే ఏడాది ముంబైలోని బార్క్‌లో, పి.కె. అయ్యంగార్ డైరెక్టర్‌గా ఉండగా, పలు బృందాలు ప్రయోగాలు చేశాయి. ట్రిటియం, న్యూట్రాన్లు కనిపించాయని నివేదిక ఇచ్చాయి. కానీ ప్రపంచంలో చాలా ల్యాబుల్లో యూటా ఫలితం మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు బార్క్‌లోనూ ఆ పని ఆగిపోయింది. గూగుల్ నిధులతో జరిగిన పరిశోధన కూడా కోల్డ్ ఫ్యూజన్‌కు ఆధారం దొరకలేదని 2019లో తేల్చింది.

తాజా లెక్క ఇదీ

2025లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఓ ఫలితం ప్రచురించారు. పల్లాడియంపైకి డ్యుటీరియం అయాన్లను వేగంగా పంపుతూ, అదే లోహంలోకి కరెంటుతో మరింత డ్యుటీరియం నింపారు. ఫ్యూజన్ రేటు సగటున 15 శాతం పెరిగింది. ఇది కోల్డ్ ఫ్యూజన్ కాదు గానీ, దానికి దగ్గరి ప్రయోగం. మళ్లీ చేసి చూడగలిగేది కూడా.

అయితే పెట్టింది 15 వాట్లు. వచ్చింది ఒక వాటులో వంద కోట్లవ వంతు. అంటే పెట్టుబడి రాబడికి 1,500 కోట్ల రెట్లు!

బోరు ఆడుతుందా?

5 హెచ్‌పీ మోటారుకు సుమారు 3,700 వాట్లు కావాలి. అంత శక్తి రావాలంటే ఇలాంటి పరికరాలు 3.7 లక్షల కోట్లు పెట్టాలి. వాటన్నిటికీ ఇవ్వాల్సిన కరెంటు దాదాపు 5.5 కోట్ల మెగావాట్లు. దేశంలోని మొత్తం విద్యుత్ సామర్థ్యం 5 లక్షల మెగావాట్ల స్థాయిలో ఉంది. అంటే ఒక్క బోరు కోసం దానికి వంద రెట్లకు పైనే కావాలి.

వచ్చేది పెట్టినదానికన్నా తక్కువైతే, పరికరాల సంఖ్య పెంచినకొద్దీ నష్టమే పెరుగుతుంది.

ఎక్కడ కొలిచారన్నదే కీలకం

2022 డిసెంబర్ 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. గెయిన్ ఒకటిన్నర రెట్లు. కానీ ఆ లేజర్లు గ్రిడ్ నుంచి తీసుకున్నది దాదాపు 300 మెగాజౌళ్లు. ప్లగ్ దగ్గర కొలిస్తే అదీ నష్టమే.

వీడియో చూసినప్పుడు ఈ 3 ప్రశ్నలు

* ప్లగ్ దగ్గర్నుంచి మొత్తం ఎంత కరెంటు తీసుకుంది?
* బయటివాళ్లు విడిగా చేసినా అదే ఫలితం వచ్చిందా?
* బయటి కరెంటు తీసేశాక కూడా, బ్యాటరీ లేకుండా, రోజుల తరబడి నడుస్తోందా?

వీటికి జవాబు చెప్పకుండా అడ్వాన్సు అడిగితే డబ్బు కట్టొద్దు.

సూర్యుడి ఫ్యూజన్ మాత్రం ఈ నేలకు రోజూ అందుతూనే ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న ఎన్‌పీ కుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2016 నుంచి కరెంటు ఇస్తోంది.