మూసీ వరద: నగరం ఎవరిది?

హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. దాన్ని చూసినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న వేధిస్తుంది. నిజాం రాజధానిలో సామాన్యునికి చెట్టుకొమ్మ తప్ప వేరే దిక్కు ఎందుకు లేకపోయింది?

నాటి విపత్తును నగరవాసులు 'తుగ్యానీ' అన్నారు. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి వంటి ఏటి ఒడ్డు పేటలు కొట్టుకుపోయాయి. రాతి మేడలకూ మట్టి గోడలకూ నీరు ఒకే రకంగా తగిలి ఉండవచ్చు. కాని అవి కూలిన తీరు ఒక్కటి కాదు. వాన ప్రకృతిది. ఎవరు పల్లంలో ఉండాలో, ఎవరు మెరకన ఉండాలో నిర్ణయించేది మాత్రం సమాజమే.

ఆ తరవాతి కథ మన పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించాడు. ఆయన సలహా మీద మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. రోడ్లు వెడల్పయ్యాయి, పథర్‌గట్టీ లేచింది, ఇరుకు పేటలు కూలాయి. పేదలకు కొన్ని ఇళ్ళు కూడా కట్టారు. ఈ పనుల విలువను నేను తక్కువ చేయడం లేదు. ఆ రెండు జలాశయాలూ లేకపోతే హైదరాబాదు ఇంకెన్ని తుగ్యానీలు చూసి ఉండేదో!

అయితే చరిత్రను ప్రభువుల దయకూ, ఇంజనీరు మేధకూ వదిలేస్తే అసలు పాఠం జారిపోతుంది. విశ్వేశ్వరయ్యే గుర్తించిన విషయం ఒకటుంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా, ఆ వానకు 221 తెగిపోయాయి. అవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండుతుంది. పైచెరువు కట్ట తెగితే కిందిది నిలవదు. కట్ట గట్టిగా ఉండి, అలుగు దారి తెరిచి ఉంటే చెరువు ఊరికి కాపలా. లేకుంటే అదే ఊరి మీద పడే శత్రువు. ఆ కాపలాకు కావలసింది ఒక్క మేధావి కాదు, కట్టను ఏటేటా చూసుకునే సమష్టి శ్రమ.

పెద్ద ఆనకట్టలు కట్టిన నగరం ఈ చిన్న చెరువుల సంగతి మరిచింది. శిఖం భూములు ప్లాట్లయ్యాయి, అలుగు వాగులు మురుగుకాలువలయ్యాయి. ఫలితం 2020 అక్టోబరులో కళ్ళారా చూశాం. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణాన ఉన్న కాలనీలు మునిగాయి. మూసీ కాదు, మరిచిన చెరువు ముంచింది.

జలాశయాల రక్షణకు 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను తొలగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2024లో మూసీ ప్రక్షాళన పేరిట ఒడ్డునున్న పేదల ఇళ్ళ గోడలపై ఎర్ర గుర్తులు పడ్డాయి. ఎగువన భూమి విలువకు తలుపులు తెరవడం, దిగువన పేదవాణ్ణి నేరస్థునిగా చూడటం — ఇదేనా ప్రణాళిక?

నదికి చోటు కావాలన్నది నిజం. పల్లం ఖాళీ చేయాలన్నదీ కొన్నిచోట్ల నిజమే. కాని ఖాళీ చేసేవాడికి పని దొరికే దూరంలో ఇల్లు ముందు చూపాలి. చెరువు హద్దుల పటం ప్రతి వార్డులో అందరికీ కనబడాలి. కట్టల మీద, నాలాల మీద బస్తీ ప్రజలకు అజమాయిషీ ఉండాలి. నగరాన్ని తమ చేతులతో కట్టినవారికి దాని ప్రణాళికలో మాట లేనంతకాలం, రేపటి వరదలోనూ వారు చింతచెట్టే వెతుక్కోవలసి వస్తుంది.