లేగ, పడ్డ, కోడె: మన ఇళ్ళల్లో ముసలివైపోతున్న పసి మాటలు



మన జిల్లా పేరులోనే చిన్నతనం ఉంది. దొడ్డబళ్ళాపురం పెద్దది, చిక్కబళ్ళాపురం చిన్నది. కోలారు నుంచి 2007లో వేరుపడింది గనక జిల్లాగా వయసులోనూ పసిదే. అందుకే ఈసారి పసివాటి పేర్ల చరిత్ర చెప్పుకుందాం.

బాగేపల్లి, చింతామణి వైపు మనలో చాలామందిమి ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివినవాళ్ళం. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూసుకునే భాగ్యం మనది. ఎండాకాలం రోడ్డు పక్కన తాగే ఎళనీరు తీసుకోండి. అందులోని ఎళ, మన ఎలప్రాయంలోని ఎల, లేత, లేగదూడలోని లేగ, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవే. పసిబిడ్డను కన్నడంలో హసుగూసు అంటారు. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, మన పసి అక్కడ హసు అయింది. పసి అంటే మొదట పచ్చిదనమే. పసరు, పసిమి, పసుపు కూడా ఆ ఇంటి మాటలే. చిగురుకూ బిడ్డకూ మన పూర్వులు ఒకే మాట వాడారన్నమాట.

ఇక పశువుల కొట్టంలోకి రండి. ఆవుకు పుట్టింది దూడ. పాలు తాగే వయసులో లేగ. ఆడదైతే పెయ్య. ఎనుముల్లో ఎదిగే ఆడది పడ్డ. కాడికి సిద్ధమయ్యే మగది కోడె. అడవిలోకి పోతే ఏనుగుపిల్ల గున్న, సింహంపిల్ల కొదమ. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. పండితుల మాటలతో పాటు కొట్టంలోని మాటలకూ అందులో చోటు దొరికింది.

ఇంగ్లీషువాళ్ళదీ ఇదే కథ. కిడ్ అంటే మొదట మేకపిల్ల, తర్వాతే మనిషిబిడ్డ. గర్ల్ అనే మాట ఒకప్పుడు ఆడబిడ్డకూ మగబిడ్డకూ చెల్లేది. మన పిల్ల కూడా అంతే కదా, మేకపిల్లలోనూ ఉంది, పిల్లవాడిలోనూ ఉంది. వేటకు మచ్చిక చేయడానికి గూటి నుంచి తెచ్చిన డేగపిల్లను వాళ్ళు ఐయస్ అనేవాళ్ళు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో బాలనటులను ఎగతాళి చేయడానికి ఆ మాట వాడాడు. డేగల వేట తగ్గింది, ఆ మాట సామాన్యుల నోట్లోంచి జారిపోయింది.

మాట ఊరికే చావదు. దాని వెనక ఉన్న పని చచ్చినప్పుడు చస్తుంది. ట్రాక్టరు వచ్చాక కోడెకు కాడి మరిపే పని పోయింది. పాల డెయిరీ కాలంలో మగదూడకు విలువ పడిపోయింది. ఆడదూడకు ఇంకా ధర ఉంది గనక పెయ్య, పడ్డ బతికున్నాయి. కోడె మాత్రం సినిమా పాటల్లోకీ కోడెకారు కుర్రాళ్ళ వర్ణనల్లోకీ వలసపోయింది.

పని బతికున్నచోట మాట ఎట్లా బతుకుతుందో చూడాలంటే శిడ్లఘట్ట, చింతామణి పట్టురైతుల ఇళ్ళకు పోండి. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడిచి అయిదు దశల్లో పెరుగుతుంది. మొదటి రెండు దశలు చాకీ. ఆ పసి పురుగుకు లేత ఆకే వేయాలి. పొర విడిచే ముందు అది మేత మాని నిలిచిపోతే మనవాళ్ళు జ్వరం అంటారు. బిడ్డకు వాడే మాటే పురుగుకూ వాడారు. సాకే చేతికి రెండూ ఒకటే.

మన బాధ ఒకటే. ఈ మాటలు కన్నడ పాఠాల్లో రావు. తెలుగు లిపి మన పిల్లల్లో చాలామందికి రాదు. అంటే ఇవి ఉన్నది మన అవ్వతాతల నోళ్ళలోనే. మొన్న మనలో ఒకరి మనవరాలు దూడను చూసి బేబీ కౌ అంది. అందరం నవ్వాం. తప్పు ఆ పాపది కాదు, లేగ అని దాని చెవిన వేయని మనది.

అందుకని ఒక మనవి. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరూ మీ ఇంటి ముసలివాళ్ళను అడిగి ఒక్కో పసి మాట తీసుకురండి. తెలుగు రాకపోతే కన్నడ లిపిలోనే రాసుకురండి. లిపి ఏదైనా మాట మనదే.